వ్యాపార సిస్టమ్‌లకు సెమాంటిక్ మోడల్: తరచుగా అడిగే ప్రశ్నలు

బిల్లులు, స్టాక్, అకౌంట్స్ చూసే ఈఆర్‌పీ ఒకటి, కస్టమర్ల వివరాలు ఉంచే సీఆర్ఎం ఒకటి, డీలర్ల యాప్ ఇంకొకటి, వాటి మధ్య తిరిగే ఎక్సెల్ షీట్లు. నెలాఖరుకు ఎండీ ఒక్క ప్రశ్న అడిగితే మూడు విభాగాల నుంచి మూడు అంకెలు వస్తాయి. ఇలాంటి చోట పనిచేసే ఐటీ వాళ్ళు, బిజినెస్ అనలిస్టులు, ఫైనాన్స్ మేనేజర్లు అడిగే సందేహాలు దాదాపు ఎప్పుడూ అవే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఉదాహరణలు మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎరువులు, విత్తనాలు, పురుగు మందులు అమ్మే వ్యాపారం నుంచి తీసుకున్నాను. ఒక్క పదానికి ఇన్ని అర్థాలు ఉండే రంగాలు తక్కువ. ఏ ప్రశ్న నుంచైనా చదవడం మొదలుపెట్టొచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా దగ్గర డేటాబేస్ డయాగ్రమ్ ఉంది. మళ్ళీ సెమాంటిక్ మోడల్ ఎందుకు?

ఏ టేబుల్‌లో ఏ కాలమ్ ఉందో, ఏది దేనితో కలుస్తుందో డయాగ్రమ్ చెబుతుంది. ఆ కాలమ్‌లోని అంకెకు వ్యాపారంలో అర్థమేమిటో చెప్పదు. 'సేల్ క్వాంటిటీ' అనే కాలమ్ చూడండి. అది కంపెనీ గోడౌన్ నుంచి డీలర్‌కు వెళ్ళిన సరుకా, షాపువాడు రైతుకు అమ్మిన సరుకా? వెనక్కి వచ్చింది తీసేశాక మిగిలిందా, తీయకముందుదా? బస్తాల్లోనా, టన్నుల్లోనా? ఈ జవాబులు ఇప్పుడు ఎవరో ఒక సీనియర్‌కు మాత్రమే తెలిసి ఉంటాయి. వాటిని బయటికి తీసి, మనుషులూ ప్రోగ్రాములూ కూడా చదవగలిగేలా రాసిపెట్టడమే సెమాంటిక్ మోడల్. 1976లో పీటర్ చెన్ ప్రతిపాదించిన ఎంటిటీ-రిలేషన్‌షిప్ పద్ధతి (మనం వివరాలు దాచుకునే మనిషి, వస్తువు లాంటివి ఎంటిటీలు, వాటి మధ్య సంబంధాలు రిలేషన్‌షిప్‌లు) ఉద్దేశం కూడా దాదాపు ఇదే. మన ఆఫీసుల్లో అది టేబుళ్ళ బొమ్మగా మిగిలిపోయింది, అంతే.

మాది చిన్న కంపెనీ. ఇవన్నీ బ్యాంకులకీ పెద్ద ఎమ్మెన్సీలకీ కదా?

టర్నోవర్ చూడకండి, సిస్టమ్‌లు ఎన్ని ఉన్నాయో చూడండి. అంతా ఒకే ట్యాలీ మీద నడిచే వ్యాపారానికి నిజంగానే ఇది అక్కర్లేదు. లెడ్జర్ల పేర్లు శుభ్రంగా పెట్టుకుంటే చాలు. బిల్లింగ్ ఒకచోట, ఫీల్డ్ స్టాఫ్ ఆర్డర్లు ఒకచోట, స్టాక్ ఇంకోచోట ఉండి, ఎవరో ఒకరు నెలనెలా ఎక్సెల్‌లో వీ-లుకప్ ఫార్ములాలు కొట్టి కలుపుతున్నారంటే మాత్రం మీకు సెమాంటిక్ మోడల్ ఇప్పటికే ఉన్నట్టు. అది ఆ ఎక్సెల్‌లో ఉంది. దాన్ని ఎవరూ చెక్ చేయరు, ఆ మనిషి సెలవు పెడితే అందరికీ టెన్షన్.

మాకు ఎస్‌ఏపీ ఉంది. అందులోనే అన్నీ ఉన్నాయి కదా?

ఎస్‌ఏపీ అనే ఈఆర్‌పీలో ఉన్నది మంచి మోడలే. ఆర్డర్ ఇచ్చేవాడు, సరుకు అందుకునేవాడు, బిల్లు ఎవరి పేరున వెళ్తుందో వాడు, డబ్బు కట్టేవాడు అని ఒకే లావాదేవీలో నాలుగు పాత్రలను అది విడదీస్తుంది. కొత్త ఎస్-ఫోర్ హానాలో కస్టమర్, వెండర్ రెండూ బిజినెస్ పార్ట్‌నర్ అనే ఒకే రికార్డు కిందికి వచ్చాయి. ఆ ఆలోచన తీసుకోండి. కానీ ఎస్‌ఏపీకి తెలిసేది మీ కంపెనీ చేసిన లావాదేవీలే. డీలర్ కింద ఉన్న రిటైలర్లు, రిటైలర్ రైతుకు పీఓఎస్ మెషిన్ (షాపులో అమ్మకం నమోదు చేసే యంత్రం) మీద అమ్మిన బస్తాలు, ఫీల్డ్ స్టాఫ్ చేసిన విజిట్లు దాని బయట ఉంటాయి. పైగా ఇంప్లిమెంటేషన్ హడావిడిలో ఆ నాలుగు పాత్రల్లోనూ ఒకే కోడ్ పెట్టేసి ముందుకు వెళ్ళిన కంపెనీలు చాలా ఉంటాయి. మోడల్ ఉంది కదా అని సంబరపడే ముందు మీ డేటా ఆ మోడల్‌ను పాటిస్తోందో లేదో చూసుకోండి.

జాక్‌మన్, టోగాఫ్ లాంటి ఫ్రేమ్‌వర్క్ తప్పనిసరా?

కాదు. జాన్ జాక్‌మన్ ఫ్రేమ్‌వర్క్ 1987 నాటిది, టోగాఫ్ మొదటి వెర్షన్ 1995లో వచ్చింది. కంపెనీ సిస్టమ్‌లన్నింటినీ ప్లాన్ చేసే పద్ధతులివి. ఏమేం చూడాలో మర్చిపోకుండా ఉండడానికి రెండూ పనికొస్తాయి. గడులన్నీ నింపడమే ప్రాజెక్టు అనుకుంటే మాత్రం ఏడాది తిరిగేసరికి షెల్ఫ్ నిండా డాక్యుమెంట్లు ఉంటాయి, రిపోర్టులో అంకె మాత్రం ఇంకా తప్పుగానే ఉంటుంది.

ఎవరెవరు కూర్చోవాలి? ఎంతకాలం పడుతుంది?

ఐటీ నుంచి ఒకరు, సేల్స్ నుంచి ఒకరు, అకౌంట్స్ నుంచి ఒకరు, డిస్పాచ్ చూసే గోడౌన్ మనిషి ఒకరు. ఈ నాలుగో మనిషిని పిలవడం చాలామంది మర్చిపోతారు. సరుకు నిజంగా ఎప్పుడు కదిలిందో, ఎందుకు తిరిగొచ్చిందో తెలిసింది అతనికే. మేనేజర్లకంటే రోజూ ఆ ఎంట్రీలు కొట్టేవాళ్ళు వస్తే పని తొందరగా తెములుతుంది. మొదటి విడతకు ఒకే విభాగం, ఒక పదిహేను ముఖ్యమైన పదాలు పెట్టుకుంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు సరిపోతాయి. కంపెనీ మొత్తానికి ఒకేసారి చేస్తామని బయల్దేరితే ఎంతకాలమో ఎవరూ చెప్పలేరు.

## మోడల్ రాసేటప్పుడు

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? టేబుళ్ళ లిస్టు నుంచా?

ప్రశ్నల నుంచి. మేనేజ్‌మెంట్ నిజంగా అడిగే ప్రశ్నలు ఒక పది, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. ఉదాహరణకు: "వరంగల్‌లో గత మూడు ఖరీఫ్‌లలో మన డీఏపీ ఎన్ని టన్నులు అమ్ముడైంది?" ఇప్పుడు ఈ వాక్యంలోని ఒక్కో మాట పట్టుకోండి. వరంగల్ అంటే ఏ సరిహద్దులు? ఖరీఫ్ అంటే ఏ నెలలు? 'మన' డీఏపీ అంటే మనం తయారుచేసిందా, మనం మార్కెట్ చేసిందా? అమ్ముడైంది అంటే ఎవరికి? మోడల్‌లో ఏం ఉండాలో ఈ పది వాక్యాలే చెబుతాయి. వీటిలో దేనికీ అక్కర్లేని ఎంటిటీ మోడల్‌లోకి వస్తే దాన్ని మొహమాటం లేకుండా తీసేయండి.

సేల్స్ వాళ్ళు ఒకటి, అకౌంట్స్ వాళ్ళు ఒకటి 'కస్టమర్' అంటున్నారు. ఎవరిది కరెక్ట్?

ఇద్దరిదీ. సమస్య ఎవరి నిర్వచనంలోనూ లేదు, అన్నింటికీ ఒకే టేబుల్ పెట్టడంలో ఉంది.

సేల్స్ వాళ్ళకు కస్టమర్ అంటే షాపు. వాళ్ళు బండి వేసుకుని వెళ్ళేది అక్కడికే. అకౌంట్స్ వాళ్ళకు కస్టమర్ అంటే లెడ్జర్, బాకీ, క్రెడిట్ లిమిట్. డిస్పాచ్‌కు లారీ ఆగే గోడౌన్. లీగల్ వాళ్ళకు లైసెన్సు ఉన్న చోటు. ఎరువులకు 1985 నాటి ఫెర్టిలైజర్ కంట్రోల్ ఆర్డర్, విత్తనాలకు 1983 నాటి సీడ్స్ కంట్రోల్ ఆర్డర్, పురుగు మందులకు 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం. ఒకే షాపు మూడూ అమ్ముతుంటే మూడు అనుమతి పత్రాలు ఉంటాయి, వాటి నంబర్లూ తేదీలూ వేర్వేరు.

కాబట్టి విడదీయండి. చట్టం దృష్టిలో ఉన్న మనిషి లేదా సంస్థ ఒక ఎంటిటీ, దానికి ప్యాన్ ఉంటుంది. పన్ను రిజిస్ట్రేషన్ వేరు, దానికి జీఎస్టీ నంబర్. షాపు వేరు, దానికి చిరునామా. లైసెన్సు షాపుకూ సరుకు రకానికీ కలిపి ఉంటుంది. క్రెడిట్ ఖాతా సంస్థకు ఉంటుంది. అప్పుడు కస్టమర్ అనేది ఒక ఎంటిటీగా ఉండదు, ఫలానా ఖాతా ద్వారా మన దగ్గర కొంటున్న సంస్థ పోషించే పాత్ర అవుతుంది. "మనకు ఎంతమంది కస్టమర్లు?" అంటే ఇక ఒకే జవాబు రాదు. ఇన్ని సంస్థలు, ఇన్ని షాపులు, ఇన్ని యాక్టివ్ ఖాతాలు అని వస్తుంది. ఎండీకి మొదట చిరాకేస్తుంది, అలవాటవుతుంది.

ఇంకొక్క మాట. అన్న పేరున ఒక ఫర్మ్, తమ్ముడి పేరున ఒక ఫర్మ్, వదిన పేరున మూడోది. ప్యాన్‌లు వేరు, తిరిగే డబ్బు ఒకటే. బాకీ రిస్క్ చూడాలంటే ఈ కుటుంబ గ్రూపును కూడా మోడల్‌లో రాయాలి. ఈ సమాచారం ఏ సర్టిఫికెట్‌లోనూ దొరకదు, ఏరియా మేనేజర్‌నే అడగాలి.

జీఎస్టీ నంబర్‌నే కస్టమర్ ఐడీగా వాడేస్తే పోదా?

పోదు. చూడ్డానికి మాత్రం భలే అనువుగా ఉంటుంది. 15 అక్షరాల్లో మొదటి రెండు రాష్ట్రం కోడ్, తర్వాతి పది ప్యాన్, పదమూడోది అదే ప్యాన్ మీద ఆ రాష్ట్రంలో ఎన్నో రిజిస్ట్రేషనో చెప్పేది, చివరిది చెక్ అక్షరం. ఇంత సమాచారం మోసే నంబర్‌ను ఐడీగా పెడితే ఆ సమాచారం మారిన రోజున ఐడీ కూడా మారిపోతుంది. తండ్రి పేరున ఉన్న ప్రొప్రైటర్‌షిప్ కొడుకు పేరుకు మారితే ప్యాన్ మారుతుంది, జీఎస్టీ నంబరూ మారుతుంది. షాపు, బోర్డు, రైతులు అన్నీ అవే, మీ సిస్టమ్‌లో మాత్రం కొత్త కస్టమర్. పాత అమ్మకాల చరిత్ర తెగిపోతుంది. ఖమ్మంలోనూ విజయవాడలోనూ షాపులున్న ఒకే సంస్థకు 36తో ఒక నంబర్, 37తో ఒక నంబర్ ఉంటాయి. అసలు నంబరే లేని చిన్న రిటైలర్లూ ఉంటారు. వస్తువుల వ్యాపారానికి రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలైతే తెలంగాణలో 20 లక్షలే. అర్థమేమీ లేని సొంత ఐడీ ఒకటి ఇచ్చి, జీఎస్టీ నంబర్, ప్యాన్, లైసెన్సు నంబర్ లాంటివన్నీ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లే గుర్తింపులుగా దానికి తగిలించండి.

జిల్లాలు మారాయి. పాత రిపోర్టులతో పోలిస్తే అన్నీ తేడా వస్తున్నాయి. ఏం చేయాలి?

జిల్లా పేరును డీలర్ రికార్డులో టెక్స్ట్‌గా రాసుకున్న ప్రతి కంపెనీకీ ఈ తిప్పలు ఉన్నాయి. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. 2021లో కృష్ణా జిల్లా లెక్కలో ఉన్న విజయవాడ షాపు 2023లో ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. షాపు మాత్రం అంగుళం కూడా కదల్లేదు.

అన్నింటికంటే చిక్కు వరంగల్‌ది. 2016 వరకు వరంగల్ జిల్లా అంటే పెద్ద ఉమ్మడి జిల్లా. తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని రెండు వచ్చాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్‌కు వరంగల్ అనే పేరు వచ్చింది. మీ డేటాలో 2015, 2023 రెండింట్లోనూ 'వరంగల్' అని ఉంటుంది. రెండూ వేర్వేరు భూభాగాలు. గ్రాఫ్ గీస్తే అమ్మకాలు పాతాళానికి పడిపోయినట్టు కనిపిస్తాయి.

మూడు పనులు చేయండి. ఒకటి, జిల్లాను పేరుతో కాకుండా ఐడీతో గుర్తించండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లను పక్కన పెట్టుకుంటే బయటి డేటాతో కలపడం తేలిక. రెండు, షాపును గ్రామం లేదా పట్టణానికి కట్టండి, గ్రామం నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకు వెళ్ళే లింకులకు మొదలు తేదీ, ముగింపు తేదీ పెట్టండి. మూడు, రిపోర్టులో ఏ మ్యాప్ మీద చూస్తున్నామో అడగండి: అమ్మిన రోజున ఉన్న జిల్లాల ప్రకారమా, ఈనాటి జిల్లాల ప్రకారమా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. జీఎస్టీ రాష్ట్రాల జాబితాలో కూడా 28 పాత ఆంధ్రప్రదేశ్, 37 కొత్త ఆంధ్రప్రదేశ్ అని రెండు కోడ్‌లు ఉన్నాయి. ప్రభుత్వమే పాతదాన్ని చెరిపేయకుండా పక్కన ఉంచింది.

ఇంకో లోతు కూడా ఉంది. వాస్తవంలో మార్పు ఎప్పుడు జరిగిందన్నది ఒక తేదీ, మన సిస్టమ్‌కు ఎప్పుడు తెలిసిందన్నది ఇంకో తేదీ. ఆడిట్‌లో "ఆ రోజు మీరిచ్చిన రిపోర్టు ఇలా ఎందుకు ఉంది?" అంటే రెండో తేదీ కావాలి. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో 2011 నుంచే ఈ రెండు కాలాలకూ సదుపాయం ఉంది. మీ డేటాబేస్‌లో అది ఎంతవరకు ఉందో చూసుకుని, లేకపోతే నాలుగు తేదీ కాలమ్‌లతో సొంతంగా చేసుకోండి.

మాకు అమ్మేవాడే మా దగ్గర కొంటున్నాడు. రెండు రికార్డులు పెట్టాలా?

వద్దు. సంస్థ ఒకటే, పాత్రలు రెండు. రెండు రికార్డులు పెడితే ఒకచోట అతనికి చెక్కు రాస్తూ ఇంకోచోట అతని బాకీ కోసం ఫోన్లు చేస్తుంటారు.

బస్తాలు, కేజీలు, టన్నులు కలిసిపోయి స్టాక్ తేలడం లేదు. యూనిట్‌ను ఎలా రాయాలి?

బస్తా అనేది కొలత కాదు, ప్యాకింగ్. ఈ ఒక్క తేడా రాసుకుంటే సగం గొడవ పోతుంది. డీఏపీ బస్తా 50 కేజీలు. యూరియా బస్తా ఒకప్పుడు 50 కేజీలే, 2018లో కేంద్రం 45 కేజీలు చేసింది. 'ఒక బస్తా = 50 కేజీలు' అని ప్రోగ్రామ్‌లో ఎక్కడో రాసేసిన కంపెనీల్లో ఆ ఏడాది తర్వాత యూరియా స్టాక్ కాగితం మీద పదో వంతుకు పైగా ఎక్కువ కనబడుతుంది. మార్పిడి రేటు యూనిట్‌కు చెందదు, ఫలానా ఉత్పత్తి ఫలానా ప్యాక్‌కు చెందుతుంది. 45 కేజీల యూరియా ప్యాక్, 50 కేజీల యూరియా ప్యాక్ రెండు వేర్వేరు వస్తువులుగా ఉండి, యూరియా అనే ఒకే ఉత్పత్తి కిందికి రావాలి. జీఎస్టీ బిల్లులకు నిర్ణయించిన యూనిట్ కోడ్‌లలో బస్తాలకూ, కేజీలకూ, క్వింటాళ్ళకూ, మెట్రిక్ టన్నులకూ వేర్వేరు కోడ్‌లున్నాయి. బిల్లు మీద వాటిని వాడండి. లోపల లెక్క మాత్రం ఎప్పుడూ బరువులోనే ఉంచండి.

'అమ్మకం' అంటే ఏది లెక్క? నెలనెలా ఇదే పంచాయితీ.

అమ్మకం అనే ఒక్క సంఘటన లేదు, ఒక వరుస ఉంది. కంపెనీ నుంచి డీలర్‌కు సరుకు వెళ్ళడం ఒకటి. ఈ రంగంలో దీన్ని ప్లేస్‌మెంట్ అంటారు. డీలర్ నుంచి రిటైలర్‌కు ఇంకొకటి. రిటైలర్ నుంచి రైతుకు మూడోది, అదే లిక్విడేషన్. ఎరువుల్లో ఈ మూడోదానికి బరువెక్కువ. 2018 మార్చికల్లా దేశమంతటా అమల్లోకి వచ్చిన పద్ధతి ప్రకారం రిటైలర్ పీఓఎస్ మెషిన్ మీద రైతుకు అమ్మినట్టు నమోదయ్యాకే కంపెనీకి సబ్సిడీ లెక్కకు వస్తుంది. అంటే డీలర్ గోడౌన్ నిండితే సేల్స్ టీమ్ టార్గెట్ పూర్తవుతుంది, ఫైనాన్స్‌కు సబ్సిడీ మాత్రం ఇంకా రాలేదు. ఒకే నెల గురించి ఇద్దరూ నిజమే చెబుతారు.

విత్తనాల్లో ఇంకో మలుపు ఉంది. సీజన్ అయిపోయాక మిగిలిన ప్యాకెట్లు వెనక్కి వస్తాయి. మే నెలలో చూపించిన ప్లేస్‌మెంట్‌లో నిజమైన అమ్మకం ఎంతో సీజన్ చివరికి గానీ తేలదు. మోడల్‌లో ప్రతి కదలికనూ దాని సొంత పేరుతో, తేదీతో, ఎవరి నుంచి ఎవరికో రాయండి. 'నికర అమ్మకం' లాంటివి వాటి మీద కట్టిన లెక్కలు. లెక్క సూత్రం ఒకచోటే ఉండాలి. ఒంటరిగా 'సేల్స్' అనే పేరుతో ఏ రిపోర్టులోనూ కాలమ్ ఉండకూడదని రూల్ పెట్టండి. మొదట్లో అందరూ గొణుగుతారు.

ఖరీఫ్ అమ్మకాలు అంటే ఏ నెలలు తీసుకోవాలి?

ఎవరు అడిగారన్నదాన్ని బట్టి. కేంద్ర ఎరువుల శాఖ లెక్కలో ఖరీఫ్ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు, రబీ అక్టోబర్ నుంచి మార్చి వరకు. రైతుకు ఖరీఫ్ అంటే తొలకరి పడ్డాక. విత్తనాల విభాగానికి జూన్‌లో వేసే పత్తి కోసం ముందే పంపిన ప్యాకెట్లన్నీ ఖరీఫే, పంపిన నెల ఏదైనా. కాబట్టి సీజన్‌ను తేదీ నుంచి లెక్కగట్టే ఫార్ములాగా పెట్టకండి. లావాదేవీకి తగిలించే వేరే గుర్తుగా ఉంచి, 'ప్రభుత్వ సీజన్', 'పంట సీజన్' అని రెండు పేర్లు ఇవ్వండి.

షాపుల పేర్లు రకరకాల స్పెల్లింగ్‌లతో ఉన్నాయి. ఒకే షాపని ఎలా గుర్తుపట్టాలి?

శ్రీ వెంకటేశ్వర ట్రేడర్స్ అనే పేరును ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాయొచ్చో మనందరికీ తెలుసు. శ్రీకి రెండు మూడు స్పెల్లింగ్‌లు, వెంకటకు మూడు నాలుగు, చివర ఒక అక్షరం ఉన్నా లేకున్నా. పైగా ఆ పేరుతో ప్రతి మండలంలోనూ ఒక షాపు ఉంటుంది. అందుకే పేరు పోలిక ఒక్కటే నమ్మితే రెండువైపులా దెబ్బే: ఒకే షాపు రెండుగా కనిపిస్తుంది, రెండు షాపులు ఒకటైపోతాయి. ముందు ప్యాన్, లైసెన్సు నంబర్, ఫోన్ నంబర్, పిన్‌కోడ్ కలిపి చూడండి. పేరు చివరిగా, సాక్ష్యానికి తోడుగా మాత్రమే. పేర్లు తెలుగులో ఎక్కించినా తిప్పలు తప్పవు. 'ట్రేడర్స్' లాంటి పదం చివరి పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని గుర్తును ఒకరి కీబోర్డు పెడుతుంది, ఇంకొకరిది పెట్టదు. చూడ్డానికి ఒకేలా ఉన్నా కంప్యూటర్‌కు అవి వేర్వేరు. పోల్చే ముందు ఇలాంటివి తీసేయాలి. అనుమానం ఉన్న జతలను మనిషి చూసి తేల్చాలి, ఆ తీర్పును కూడా దాచుకోవాలి. లేకపోతే వచ్చే నెల మళ్ళీ అవే జతలు వస్తాయి.

ఆర్‌డీఎఫ్, ఓడబ్ల్యూఎల్ నేర్చుకోవాలా? ఎక్సెల్‌లో రాస్తే చాలదా?

మొదటి విడత ఎక్సెల్‌లోనో మామూలు డాక్యుమెంట్‌లోనో రాయండి, తప్పేం లేదు. పదాలు, సంబంధాలు కుదురుకున్నాక ఆర్‌డీఎఫ్‌లోకి (పదాలనూ సంబంధాలనూ వెబ్ చిరునామాలతో రాసే పద్ధతి) మారిస్తే లాభం ఉంది. ప్రతి పదానికీ ఒక శాశ్వత చిరునామా వస్తుంది, వేర్వేరు సిస్టమ్‌లు అదే చిరునామాను వాడుకోవచ్చు.

పదాల మధ్య తర్కాన్ని రాసే భాష ఓడబ్ల్యూఎల్‌తో మాత్రం జాగ్రత్త. అది తప్పులు పట్టడానికి పుట్టింది కాదు, తెలిసినదాని నుంచి తెలియనిది తేల్చడానికి పుట్టింది. ఒక షాపుకు ఒకే యజమాని అని అందులో రాశారనుకోండి. డేటాలో పొరపాటున ఇద్దరు ఎక్కారు. ఇంజిన్ ఎర్రర్ ఇవ్వదు. వాళ్ళు వేర్వేరు మనుషులని మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే ఇద్దరూ ఒకరేనని తేల్చేస్తుంది. ప్రతి షాపుకూ లైసెన్సు ఉండాలని రాసి, డేటాలో లేకపోయినా ఊరుకుంటుంది. ఎక్కడో ఉండే ఉంటుందిలే అనుకుంటుంది. బిల్లింగ్ సిస్టమ్‌లో మనకు కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ చెకింగ్‌కు షేకల్ అనే భాష ఉంది, 2017లో అది వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ ప్రమాణమైంది. నా సలహా: పదజాలానికి ఆర్‌డీఎఫ్, రూల్స్‌కు షేకల్. ఓడబ్ల్యూఎల్ నిజంగా అవసరమైన చోటే, అదీ కొంచెం.

## సిస్టమ్‌లకు కలిపేటప్పుడు

మోడల్ రాశాం. ఇప్పుడు పాత సిస్టమ్‌లన్నీ దానికి తగ్గట్టు మార్చాలా?

అస్సలు వద్దు. ఈఆర్‌పీ దాని లోపలి పేర్లతోనే బతకనివ్వండి. డేటా ఒక సిస్టమ్ దాటి బయటికి వచ్చే చోట తర్జుమా పొర ఒకటి పెట్టండి. అక్కడ ఈఆర్‌పీ కోడ్‌లు మోడల్ పదాలుగా మారతాయి. ఈ మ్యాపింగ్‌లను ప్రోగ్రామర్ కోడ్‌లో దాచకుండా, బిజినెస్ వాళ్ళు తెరిచి చదవగలిగే టేబుల్‌గా ఉంచండి. కొత్తగా కొనే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం టెండర్ దశలోనే అడగండి: మా మోడల్‌లోని ఫలానా పదిహేను పదాలు మీ సిస్టమ్‌లో ఎక్కడ ఉంటాయి? దీనికి వెండర్ ఇచ్చే జవాబు వాళ్ళ డెమో కంటే ఎక్కువ చెబుతుంది.

కంపెనీ మొత్తానికి ఒకే మోడల్ ఉండాలా, విభాగానికి ఒకటి ఉండాలా?

అంచుల్లో ఒకటి, లోపల ఎవరిది వారిది. డిస్పాచ్‌లో ఆర్డర్ అంటే లారీ లోడు, ఫైనాన్స్‌లో ఆర్డర్ అంటే క్రెడిట్ చెకింగ్ పాసవ్వాల్సిన విలువ. ఆ రెండింటినీ బలవంతంగా కలిపితే ఎనభై కాలమ్‌ల టేబుల్ వస్తుంది, అందులో సగం ఎప్పుడూ ఖాళీయే. విభాగాల మధ్య దాటే కొద్ది విషయాలకే, అంటే సంస్థ, షాపు, ఉత్పత్తి, ప్యాక్, సరుకు కదలిక, చెల్లింపు లాంటి వాటికే ఉమ్మడి మోడల్ పెట్టండి. ఉమ్మడిది చిన్నగా ఉంటేనే అది బతుకుతుంది.

ఒకే ఇన్‌వాయిస్ మూడు సిస్టమ్‌లలో మూడు నంబర్లతో ఉంది. ఏది పట్టుకోవాలి?

అమ్మినవాడి జీఎస్టీ నంబర్, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, డాక్యుమెంట్ నంబర్. ఈ నాలుగూ కలిస్తే ఇన్‌వాయిస్ గుర్తింపు తేలిపోతుంది. ఈ-ఇన్‌వాయిస్‌లో ఇచ్చే 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్ రిఫరెన్స్ నంబర్) కూడా ఈ నాలుగింటి నుంచే తయారవుతుంది. 2020 అక్టోబర్‌లో టర్నోవర్ 500 కోట్లు దాటిన కంపెనీలతో మొదలైన ఈ పద్ధతి 2023 ఆగస్టు నుంచి 5 కోట్లు దాటిన వాళ్ళందరికీ వచ్చింది. కాబట్టి మీ టర్నోవర్ ఆ పరిమితి దాటితే జీఎస్టీ నంబర్ ఉన్న డీలర్లకు మీరు వేసే బిల్లుల్లో ఐఆర్‌ఎన్ ఉంటుంది, పాతవాటిలో ఉండదు. నాలుగు ముక్కల గుర్తింపు అన్నింటికీ పనిచేస్తుంది. క్రెడిట్ నోట్ వేరే డాక్యుమెంట్, దాన్ని ఇన్‌వాయిస్‌లో మైనస్ లైనుగా కలపకండి. రద్దు చేసిన ఇన్‌వాయిస్ నంబర్‌ను మళ్ళీ వాడలేం. అందుకే రద్దయిన వాటినీ డేటాలో ఉంచాలి.

గ్రాఫ్ డేటాబేస్ కొనాలా?

గ్రాఫ్ డేటాబేస్ అంటే ఎవరు ఎవరితో ముడిపడి ఉన్నారో ఆ సంబంధాలనే దాచే డేటాబేస్. మోడల్ కోసమే అయితే వద్దు. మామూలు రిలేషనల్ డేటాబేస్‌లో ఈ మోడల్ అంతా పడుతుంది. కుటుంబ గ్రూపుల బాకీ, చాలా అంచెల డీలర్ నెట్‌వర్క్ లాంటి ప్రశ్నలు రోజూ వస్తుంటే అప్పుడు ఆలోచించండి.

పవర్ బీఐలో కూడా సెమాంటిక్ మోడల్ అంటున్నారు. అదీ ఇదీ ఒకటేనా?

బంధువులు, ఒకటి కాదు. పవర్ బీఐ అనే రిపోర్టుల టూల్‌లో డేటాసెట్ అని పిలిచేదానికి మైక్రోసాఫ్ట్ 2023 నవంబర్‌లో సెమాంటిక్ మోడల్ అని పేరు మార్చింది. అందులో టేబుళ్ళు, వాటి మధ్య సంబంధాలు, మెజర్లు (లెక్క సూత్రాలు) ఉంటాయి. రిపోర్టుల వరకు అది బాగా పనిచేస్తుంది. కానీ డీలర్ యాప్‌కూ, బిల్లింగ్‌కూ, ఇంటిగ్రేషన్‌కూ అది అందదు. నిర్వచనాలు కంపెనీ మోడల్‌లో రాసి, పవర్ బీఐ మెజర్లను వాటి నుంచి తయారుచేసుకోండి. అటునుంచి ఇటు వెళ్తే ప్రతి రిపోర్టు డెవలపర్ దగ్గరా ఒక 'నికర అమ్మకం' పుడుతుంది.

ఏఐ చాట్‌బాట్ పెట్టేస్తే అదే అర్థం చేసుకుంటుంది కదా? మోడల్ ఎందుకు?

మీ కంపెనీలో ఎక్కడా రాయని విషయం దానికి ఎలా తెలుస్తుంది? "ఖరీఫ్‌లో యూరియా సేల్ ఎంత?" అని అడిగితే అది కాలమ్ పేర్లు చూసి ఏదో ఒకటి ఊహించి, చక్కటి వాక్యంలో, ఏమాత్రం తడబడకుండా చెబుతుంది. అంకె తప్పని మీకు తెలిసే దారి ఉండదు. మోడల్ ఉంటే పరిస్థితి వేరు. బాట్‌కు నేరుగా టేబుళ్ళు ఇవ్వకుండా, నిర్వచనం ఉన్న మెజర్లు మాత్రమే ఇవ్వండి. 'సేల్' అన్నప్పుడు ప్లేస్‌మెంటా, లిక్విడేషనా అని అది తిరిగి అడిగేలా పెట్టండి. జవాబుతో పాటు ఏ నిర్వచనం, ఏ తేదీలు, ఏ జిల్లాల మ్యాప్ వాడిందో చూపించాలి. ఇవి లేకుండా డైరెక్టర్ల చేతికి బాట్ ఇవ్వకండి.

## నడుస్తున్నప్పుడు

మోడల్‌కు ఓనర్ ఎవరు? ఐటీయే కదా?

ఫైలు ఐటీది, అర్థం వ్యాపారానిది. ఒక్కో పదానికి ఒక్క మనిషి పేరు ఉండాలి: క్రెడిట్ ఖాతాకు ఫైనాన్స్ నుంచి ఒకరు, షాపుకు సేల్స్ నుంచి ఒకరు. కమిటీ పేరు రాస్తే ఎవరూ లేనట్టే. ఆ మనిషి కంపెనీ మారితే అతని పదాల జాబితా కూడా హ్యాండోవర్‌లో ఉండాలి.

నిర్వచనం మార్చాల్సి వస్తే పాత రిపోర్టుల సంగతేంటి?

పాత నిర్వచనాన్ని దిద్దకండి. కొత్త వెర్షన్ రాసి, ఏ తేదీ నుంచి అమల్లోకి వచ్చిందో పెట్టండి. ఒక క్వార్టర్ పాటు రెండు లెక్కలూ పక్కపక్కన చూపించండి. తేడా ఎందుకొచ్చిందో ఒక వాక్యంలో రాయలేకపోతే మార్పు ఇంకా సిద్ధం కానట్టే. కొత్త పదం చేర్చడం చిన్న మార్పు. ఉన్న పదానికి అర్థం మార్చడం పెద్ద మార్పు, దానికి ఆ డేటాను వాడుకునే ప్రతి సిస్టమ్ ఓనర్ సంతకం కావాలి.

ఫీల్డ్ స్టాఫ్ కొత్త ఫీల్డులు నింపడం లేదు. ఏం చేయాలి?

వాళ్ళను తిట్టే ముందు ఆ ఫీల్డు వాళ్ళకు ఏం ఇస్తోందో చూడండి. లైసెన్సు గడువు తేదీ నింపితే, నెల ముందు "ఫలానా షాపు లైసెన్సు అయిపోతోంది" అని వాళ్ళ ఫోన్‌కే మెసేజ్ వెళ్ళేలా చేయండి. డిస్పాచ్ ఆగిపోయి డీలర్ దగ్గర మాటలు పడే పని తప్పుతుంది కాబట్టి నింపుతారు. హెడ్ ఆఫీసు రిపోర్టుకు మాత్రమే పనికొచ్చే ఫీల్డు అయితే దాన్ని హెడ్ ఆఫీసే నింపుకోవాలి. తప్పనిసరి అని ఎర్ర చుక్క పెడితే అన్ని షాపులకూ 'ఎన్ఏ' అని వస్తుంది.

మోడల్ పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

మొదట్లో రాసుకున్న పది ప్రశ్నలు తీయండి. ఒక్కోదానికీ మూడు విభాగాలను విడివిడిగా అంకె అడగండి. ఒకటే అంకె వస్తే పనిచేస్తున్నట్టు. రాకపోతే తేడా ఏ పదం దగ్గర వచ్చిందో చూడండి. మూడు నెలలకోసారి ఇది చేయండి. పదాల సంఖ్య, డయాగ్రమ్‌ల సంఖ్య ఎవరైనా ప్రగతిగా చూపిస్తే పట్టించుకోకండి.

ఈ నిర్వచనాలన్నీ ఎక్కడ దాచాలి? వర్డ్ ఫైలా, ప్రత్యేకమైన టూలా?

ప్రోగ్రామర్లు కోడ్ మార్పుల చరిత్ర దాచుకునే గిట్ రిపాజిటరీలోనే, సాదా టెక్స్ట్ ఫైళ్ళుగా. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దానంతట అదే మిగులుతుంది. పదానికి ఒక ఫైలు పెట్టి, అందులో పేరు, ఒక్క పేరాలో అర్థం, ఏది దీని కిందికి రాదో చెప్పే ఒకటి రెండు ఉదాహరణలు, ఓనర్ పేరు, ఏయే సిస్టమ్‌లో ఎక్కడ ఉందో రాయండి. దాని నుంచి రోజూ ఒక వెబ్ పేజీ తయారయ్యేలా పెట్టండి, ఎందుకంటే అకౌంట్స్ వాళ్ళు గిట్ తెరవరు. డేటా కేటలాగ్ టూల్ కొనడం గురించి పదాలు వంద దాటాక, వాటిని నిజంగా చూసేవాళ్ళు ఉన్నారని తేలాక మాట్లాడుకోవచ్చు.